అరవై రెండో పేజీ మడత

ఆ శాఖా గ్రంథాలయానికి వచ్చే పిల్లలంతా ఆవిడను వెనకాల గడువమ్మ అంటారు. పుస్తకం లోపలి అట్ట మీద గడువు తేదీ ముద్ర గుద్ది, "పదిహేను రోజులు. పదహారో రోజు కాదు" అని ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒకే గొంతుతో చెబుతూ వచ్చినందుకు దక్కిన బిరుదు అది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికైనా ఓపిక ఉండాలి కదా.

ఓపిక సంగతి అలా ఉంచితే, ఈ ఏడు వచ్చిన రెండు అట్టపెట్టెల్లో ముప్పై ఆరు నవలలున్నాయి. అన్నీ పదమూడు దాటి పద్దెనిమిది నిండనివాళ్ళ కోసం రాసినవే. అలాంటి నవలల్లో ఒకదానికి గ్రంథాలయాల సంఘం ఏటా బహుమతి ఇస్తుంది. ఏ నవలకివ్వాలో ఆ వయసు పిల్లలే ఓటు వేసి తేలుస్తారు. అయితే ముప్పై ఆరూ అందరిచేతా చదివించడం అయ్యే పని కాదు కనుక, ప్రతి శాఖలోనూ బృందాన్ని నడిపేవాళ్ళు ముందుగా ఐదింటిని ఏరి జాబితా పంపాలి. ఆ ఐదూ పిల్లలు మూడు నెలల్లో చదువుతారు. ఇక్కడ ఏరే పని గడువమ్మది. పదహారేళ్ళుగా ఆవిడదే.

ఆ బృందాన్ని పెట్టిందీ ఆవిడే. తనకు పద్నాలుగేళ్ళప్పుడు కుందేలు కథలు అయిపోయాక చదవడానికి మరేమీ దొరకలేదు. పిన్ని పరుపు కింద దాచుకున్న నవలలు దొంగచాటుగా చదివి, సగం అర్థంకాక, అర్థమైన సగానికి భయపడి, నాలుగు రోజులు జ్వరం తెచ్చుకుంది. మధ్యలో ఒక మెట్టు ఉండాల్సిందని అప్పుడే అనిపించింది. అందుకే ఉద్యోగం స్థిరపడ్డాక వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి పద్నాలుగు కుర్చీలు సంపాదించి, మేడమీద పాత పత్రికల గదిని శనివారం సాయంత్రాలు పిల్లలకు ఇప్పించుకుంది. ఒకప్పుడు కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చునేవాళ్ళు. మూడేళ్ళుగా తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు ఆరుగురు మిగిలారు.

ఆ ఆరుగురిని చూశాకే పెద్ద లైబ్రేరియన్ పోయిన నెల ఆవిడను తన గదిలోకి పిలిచారు. ఆయన మంచివాడే, పైవాళ్ళకు జవాబు చెప్పుకోలేక సతమతమయ్యే మనిషి.

"ఈసారి కూడా మీ జాబితా పుస్తకాలు పిల్లలు చదవకపోతే ఆ గది కంప్యూటర్ క్లాసులకు ఇచ్చేయక తప్పదమ్మా. ఆరుగురి కోసం గది ఎందుకని అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

ఆవిడ "సరేనండీ, మంచి జాబితా ఇస్తాను" అంది.

మంచి జాబితా ఎలా తయారవుతుందో చెప్పాలంటే ఆవిడ గుట్టు ఒకటి విప్పాలి. మొదట్లో వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆఖరి అట్ట దాకా చదివేది. బస్సులో, వంటింట్లో, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా చదివేది. మూడేళ్ళ కిందట కళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. కళ్ళజోడు మార్చినా పదిహేను పేజీలు దాటేసరికి అక్షరాలు అలుక్కుపోయేవి, తల వాలిపోయేది. నిజం చెప్పాలంటే కళ్ళకన్నా ముందు మనసు అలిసిపోయింది. పదహారేళ్ళ వాళ్ళ దిగుళ్ళు, అలకలు, ఇల్లు వదిలి పారిపోవడాలు, తిరిగి రావడాలు ఎన్నని చదువుతుంది ఏ మనిషైనా?

పెట్టెలు రాగానే పిల్లలకు తలా రెండు పుస్తకాలిచ్చి పంపడం, వారం వారం చేతులు మార్చడం బృందంలో ఉన్న పద్ధతే. ఎలా ఉందని అడిగితే మాత్రం ఏ పుస్తకానికైనా ఒకటే మాట: "బాగుంది మేడమ్." ఆ మాటతో ఏం తేలుతుంది? అప్పుడు ఆవిడ కన్ను మడతల మీద పడింది. ఎంత మొత్తుకున్నా పిల్లలు చదవడం ఆపినచోట పేజీ మూల మడిచిపెడతారు. మడతను సాఫు చేసినా గీత పోదు. మడతలు చివరిదాకా ఉంటే పుస్తకం చివరిదాకా చదివినట్టు. మధ్యలో ఆగిపోతే అక్కడే విసుగొచ్చి వదిలేసినట్టు. నోరు అబద్ధమాడొచ్చు గానీ కాగితం ఆడదు కదా అనుకుంది. అలా మూడేళ్ళుగా పుస్తకం తెరిచి కథ చదవడానికి బదులు కిటికీ వెలుగులో పేజీల మూలలు చదువుతోంది. ఈ సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. శనివారం పొద్దున్న డ్యూటీకి చెప్పులేసుకుంటూ, టీ చల్లారబెట్టుకుని పుస్తకం అంచులు తడుముతున్న భార్యను చూసి, "ఏమోయ్, పుస్తకాలకు కూడా నాడి చూస్తున్నావా?" అన్నాడు.

"ఆ, చూస్తున్నాను. దీనికి నాడి ఆడటం లేదు" అని ఒక పచ్చ అట్ట పుస్తకాన్ని పక్కన పడేసిందావిడ. నలుగురు పిల్లల చేతులు మారిన పుస్తకం అది. అరవై రెండో పేజీ దాకా మడతలే మడతలు. ఆ తర్వాత నూట ఎనభై పేజీల్లో ఒక్క గీత లేదు. నలుగురికి నలుగురూ ఒకే పేజీ దగ్గర వదిలేశారంటే ఎంత నీరసంగా రాసి ఉంటారో పాపం అనుకుంది. మడతలు నిండుగా ఉన్న ఐదింటిని సంచిలో వేసుకుని, పిల్లలకు చూపించి తీసేయడానికి పచ్చ అట్టను కూడా పైన పెట్టుకుని బయల్దేరింది.

సాయంత్రం నాలుగింటికి ఆరుగురూ వచ్చారు. ఎవరి ముఖంలోనూ కళ లేదు. ట్యూషన్లనుంచి ట్యూషన్లకు పోయే పిల్లలు, వాళ్ళూ ఉసూరుమంటూనే ఉన్నారు. ఆవిడ ఐదు పుస్తకాలూ బల్ల మీద వరసగా పెట్టి పేర్లు చదివింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవడం ఆవిడకు అలవాటే. సోమవారం పంపాల్సిన ఫారం తీసి కలం మూత విప్పింది.

"మేడమ్, పచ్చ అట్టది జాబితాలో లేదేంటి?"

అడిగింది వకీలు. రెండు నెలల కిందటే చేరిన పదిహేనేళ్ళ పిల్ల. పుస్తకం గడువు మీద కూడా వాదన పెట్టుకుంటుందని మిగతావాళ్ళు ఆ పేరు పెట్టారు.

"అది ఎవరూ పూర్తి చేయలేదుగా అమ్మా."

"ఎవరన్నారు? నేను చేశాను."

"నేనూ చేశాను," అన్నాడు పక్కనున్న కళ్ళజోడు కుర్రాడు. మరో ఇద్దరు తలలూపారు.

గడువమ్మకు చిరాకేసింది. పుస్తకం తీసి అరవై రెండో పేజీ తెరిచి చూపించింది. "మరి ఇదేంటి? ఇక్కడిదాకా నలుగురి మడతలూ ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటుందా? నా దగ్గర దాచకండి. బాగోకపోతే బాగోలేదనండి, నేనేమీ అనుకోను."

వకీలు నెమ్మదిగానే చెప్పింది, కానీ కుండబద్దలు కొట్టినట్టే చెప్పింది. "అక్కడ ఆపితే కదా మేడమ్ మడత పెట్టడానికి. ఆ పేజీ తర్వాత ఆపడం కుదరలేదు. నేను అన్నం కంచం పక్కన పెట్టుకుని చదివేశాను."

"నేను బస్సు దిగకుండా చదివాను. మళ్ళీ వెనక్కి నడవాల్సొచ్చింది," అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

ఆవిడ ఎదురుగా తను ఏరిన ఐదు పుస్తకాలున్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. పదో పేజీలో మడత, ఇరవయ్యో పేజీలో మడత, ముప్పయ్యో పేజీలో మడత. నాలుగు వందల పేజీల చివరిదాకా అలాగే ఉంది.

"మరి దీన్ని?" అంది, జవాబు తెలిసిపోయినా.

"రోజుకు పది పేజీలు మేడమ్. మా అమ్మ పక్కన కూర్చుని చదివించింది. మీరిచ్చిన పుస్తకం కదా, చదవకుండా తిరిగిస్తే బాగోదంది," అన్నాడు చివరి కుర్చీలో ఉన్నవాడు.

కిటికీ బయట ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు వినిపించింది. వకీలు అసలు ప్రశ్న అప్పుడడిగింది. అందులో పొగరేమీ లేదు, తెలుసుకోవాలనే ఉంది.

"పచ్చ అట్టది మీరు చదివారా మేడమ్?"

నీళ్ళు నమలొచ్చు. పని ఒత్తిడి అనొచ్చు. పైపైన చూశానని అనొచ్చు. అబద్ధం చెప్పడానికి కూడా శక్తి కావాలని ఆ క్షణంలో ఆవిడకు తెలిసింది.

"లేదమ్మా. చదవలేదు. ఈ ఐదింటిలో ఒక్కటీ చదవలేదు. మడతలు చూసి ఏరాను."

"పోయినేడాదివి?" అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

"అవీ అంతే. అంతకు ముందేడువి కూడా."

"అందుకా అలా ఉన్నాయి," అని నోరు జారి వెంటనే తల దించుకున్నాడు వాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆవిడకు కాస్త సుఖంగా ఉండేది. మూడేళ్ళుగా ఈ కాలం పిల్లలకు చదువంటే పడదని, ఫోన్లు పాడుచేశాయని కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చింది. పిల్లలు ఈడ్చుకుంటూ చదివిన పుస్తకాలనే ఏరి ఏరి వాళ్ళ నెత్తిన రుద్ది, ఎనిమిది కుర్చీలు తన చేతులతో తనే ఖాళీ చేసిందన్నమాట. కలం వకీలు వైపు తోసి, "మీరే చెప్పండి. నేను రాస్తే మళ్ళీ తప్పే రాస్తాను" అంది.

జాబితా తేలడానికి గంటన్నర పట్టింది. వాదించుకున్నారు, అలిగారు, ఒకడు లేచి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. గడువమ్మ మధ్యలో వెళ్ళి మంచినీళ్ళ సీసా తెచ్చిపెట్టింది, అంతే. ఫారం అడుగున 'ఎంపిక చేసినవారు' అని ఉన్నచోట ఏటా తను సంతకం పెట్టేది. ఈసారి ఆరుగురిచేతా పెట్టించింది.

సోమవారం పెద్ద లైబ్రేరియన్ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "మీ సంతకం ఏదమ్మా?"

"నేనింకా చదవలేదండీ," అని జరిగినదంతా చెప్పేసింది.

ఆయన ఫారాన్ని కవరులో పెట్టారు. "ఈ మాట నా ఎదురుగా ఒప్పుకున్నది మీరొక్కరే. కంప్యూటర్లవాళ్ళకు మూడు నెలల తర్వాత రమ్మంటాను. ఆపైన నా చేతుల్లో ఏమీ లేదు, తెలుసుగా."

తెలుసు. మూడు నెలల తర్వాత ఏదో అవుతుందని కూడా ఆవిడ పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఆ వారమంతా పొద్దున్నే భర్త డ్యూటీకి వెళ్ళాక, టీ తాగుతూ పచ్చ అట్ట పుస్తకం చదివింది. లాండ్రీలో పనిచేసే ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ. ఒళ్ళు తెలియకుండా ఏమీ చదవలేదు, అబద్ధమెందుకు. మంగళవారం పద్నాలుగు పేజీలకే కళ్ళు మండాయి. బుధవారం అదీ లేదు. తొలిరోజే, చీటీ పెట్టుకోవడానికి కాగితం ముక్క వెతికే ఓపిక లేక, ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, పేజీ మూల మడిచింది. మడిచాక ఎవరైనా చూశారేమోనని గుమ్మం వైపు చూసుకుంది.

శనివారం ఎనిమిది మంది వచ్చారు. ఎప్పుడో మానేసిన ఇద్దరిని వకీలు వెంటబెట్టుకొచ్చింది. ఏం చెప్పి తెచ్చిందో గడువమ్మ అడగలేదు. తెచ్చిన మాట ఏదో ఊహించుకుంటేనే చెవులు వేడెక్కాయి.

వకీలు తిన్నగా ఆవిడ బల్ల దగ్గరకొచ్చి, పచ్చ అట్ట పుస్తకం తీసి, కిటికీ వెలుగులో పేజీల మూలలు ఒక్కొక్కటే చూసింది. పాత గీతల మధ్య కొత్త మడతలు: పద్నాలుగు, ఇరవై మూడు, ముప్పై తొమ్మిది, యాభై ఎనిమిది.

"యాభై ఎనిమిది దగ్గరున్నారు మేడమ్."

"అవునమ్మా. నిద్రొచ్చేసింది," అంది గడువమ్మ తప్పు చేసిన పిల్లలా.

"ఇంకా నాలుగు పేజీలే." ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, బల్ల మీదున్న ముద్ర తీసుకుని, చక్రం తిప్పి తేదీ మార్చి, పుస్తకం లోపలి అట్ట మీద గట్టిగా గుద్దింది.

"పదిహేను రోజులు. పదహారో రోజు కాదు."