ఉప్పు తిన్న పడుగు

ఆ రోజుల్లో ఏవేవి దొరకవో చెప్పడం కష్టం, ఏవి దొరుకుతాయో చెప్పడం తేలిక. ఎక్కడో సముద్రాల అవతల వాళ్ళెవరో యుద్ధం చేసుకుంటూ ఉంటే, కృష్ణా కాలవ ఒడ్డున మాకు కిరసనాయిలు కరువు, నూలు కరువు, పంచదార సంగతి అడగనే అక్కర్లేదు. ఏ సరుకైనా సర్కారు కొలిచి పంచితేనే, కావలసినంత దొరికేది ఒక్క "కంట్రోలు" అనే మాటే. మా ఆయన నాయనమ్మ, అందరం మామ్మ అనే పిలిచేవాళ్ళం, కంట్రోలు అంటే ఎవరో పెద్ద ఆఫీసరు అనుకునేది. "ఆ కంట్రోలు గారికి బదిలీ ఎప్పుడవుద్దిరా?" అని నెలకొకసారైనా మామగారిని అడిగేది. (అయినప్పుడు చెబుతాలేమ్మా అనేవారాయన, చాలా గంభీరంగా.)

నేను బెజవాడలో బట్టల కొట్టు వాళ్ళ పిల్లని. బట్ట అంటే మడతపెట్టి బీరువాలో ఉండేది, అంతవరకే నా జ్ఞానం. చల్లపల్లి దగ్గర నేతపని వాళ్ళింటికి కాపురానికి వచ్చాక గానీ, ఆ మడతకి ముందు ఎన్ని పాట్లున్నాయో తెలియలేదు. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో మామ్మ, మామగారు, ఆయన, నేను. ఒకటే మగ్గం. నూలు కోటా వచ్చిన నెల అది టకటకమని ఆడేది, రాని నెల మేం నలుగురం దాని వంక చూస్తూ కూర్చునేవాళ్ళం. అలా చూసీ చూసీ ఆయనకి మాట తగ్గిపోయింది. ఒకరోజు మాత్రం, "బెజవాడలో మిలట్రీలోకి తీసుకుంటున్నారంట" అన్నారు, ఎవరితోనో అన్నట్టు గోడ వైపు తిరిగి. అంతే, ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. పెళ్ళయి ఏడాది తిరగలేదు, ఈయన యుద్ధానికి పోతే నాకేం దారి అని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. (పచ్చి పుల్లల పొగ మంచి సాకు.)

ఎట్టకేలకు నూలు వచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియని నూలు. మగ్గం మీదికి ఎక్కించే ముందు పడుగుని, అంటే బట్టకి పొడుగుదారాలని, వీధి పొడుగునా సాచి గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అప్పుడే పోగుకి బలం. అందుకని ఆ తెల్లవారుజామున మామ్మ నూకలతో రెండు కుండల గంజి కాచింది. పెద్ద కుండ పడుగుకి, చిన్న కుండ మనుషులకి. (కరువులో కూడా మా ఇంట్లో పెద్ద భోజనం పడుగుదే.) దీపానికి చమురు లేదు కాబట్టి ఆ పనంతా చీకట్లో తడుముకుంటూనే చేసింది. మగవాళ్ళిద్దరూ పొద్దు పొడవకముందే పడుగుకి గంజి పెట్టేసి లోపలికొచ్చారు. నేను చిన్న కుండలోంచి అందరికీ ముంతల్లో పోశాను.

గంజిలో ఉప్పు లేదు.

మొదటి గుక్కకే నాకు తెలిసింది. అయితే ఇంట్లో ఉప్పు కూడా నిండుకుందన్నమాట, పాపం మామ్మ ఆ మాట పైకి చెప్పలేక ఊరుకుందన్నమాట. పెద్దావిడ పరువు నేనెందుకు తీయాలి? కళ్ళు మూసుకుని తాగేశాను. మామగారు ఒక గుక్క తాగి, కాస్త ఆగి, "గంజి అమృతంలా ఉందే అమ్మా!" అన్నారు. మామ్మ తన ముంత ఖాళీ చేసి పక్కన పెట్టింది. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, ముంత బోర్లించి, లోపలి గదిలోకి వెళ్ళారు. ఇంత సర్దుకుపోయే మనుషులు ఒకే ఇంట్లో ఉండటం ఎంత ప్రమాదమో నాకు అప్పుడు తెలియదు.

కాసేపటికి, లోపలే ఉన్నారనుకున్న ఆయన కేక వీధిలోంచి వినబడింది. "హేయ్! హేయ్! లే, లే!"

పరుగెత్తి చూద్దుం గదా, పక్క వీధి టీచరమ్మగారి గేదె మహారాణి, కట్టు తెంపుకొచ్చి మా పడుగు మధ్యలో నిలబడి, కళ్ళు అరమూసుకుని, పోగులన్నీ కలిపి ఆప్యాయంగా నాకేస్తోంది. ఆయన చేతిలో ఏదో మూట పట్టుకుని దాని వీపు మీద బాదుతున్నారు. మహారాణి చెవి ఊపింది, అంతే. నాలుగో దెబ్బకి మూట విడిపోయి రెండు పంచెలు, ఒక చొక్కా, దువ్వెన, మేం పెళ్ళిలో తీయించుకున్న ఫొటో, అన్నీ వీధిలో పడ్డాయి. చొక్కా మహారాణి కొమ్ముకి తగులుకుంది. పొద్దున్నే మూటతో వీధిలో ఈయనకేం పని అని నేను ఆలోచించే లోపలే నాకు అర్థమైపోయింది. అరుగు మీద కూలబడ్డాను.

మామ్మ కూడా చూసింది. "ఏరా అబ్బాయ్, ఎక్కడికిరా పెళ్ళికొడుకులా మూట కట్టావు?"

ఆయన వంగి ఫొటో ఏరి దుమ్ము దులిపారు. అప్పటికే వీధి వీధంతా పోగైంది. టీచరమ్మగారు చర్చికి కట్టుకునే తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చారు. "అయ్యో ప్రభువా! ఎంత పని చేసిందండీ! రోజూ ఈ పడుగుల పక్కనుంచే కాలవకి పోద్దండీ, ఏనాడూ మూతి పెట్టి ఎరగదు. ఇవాళ దీనికేం పుట్టిందో!"

అది విని మామ్మ ఒక్క క్షణం ఆలోచించి, పెద్ద కుండ అడుగున మిగిలిన గంజిలో వేలు పెట్టి నాకింది. "ఓసి నా మతి మండా! ఉప్పు దీన్లో ఏశాను!"

"అయితే ఇంట్లో ఉప్పుందా మామ్మా?" అన్నాను.

"ఎందుకుండదే? కుండెడుంది. నీకు కనబళ్ళేదా?"

"నా నోటికే రుచి పోయిందేమో అనుకున్నానే!" అన్నారు మామగారు.

"మరి అమృతమన్నావుగా!"

"నువ్వు బాధపడతావని అన్నానమ్మా."

"నేనూ మీరు బాధపడతారనే నోరు మూసుకున్నా. చీకట్లో నా చెయ్యే తగ్గిందేమో, పోన్లే పొదుపు అనుకున్నా."

ఇహ మిగిలింది ఆయన. అందరూ ఆయన వైపు చూశారు. "ఉప్పుక్కూడా గతిలేని ఇంట్లో ఒక నోరన్నా తగ్గుద్దని..." అని ఆగిపోయారు.

"మిలట్రీకి పోతావా? వాళ్ళు ఉప్పేస్తారని ఎవరు చెప్పార్రా నీకు?" అంది మామ్మ.

ముందు టీచరమ్మగారికి నవ్వొచ్చింది. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత మామగారు. ఆ తర్వాత, ఎన్నో నెలల తర్వాత, ఆయన నవ్వారు. చొక్కా కొమ్ముకి వేలాడుతున్న ఆ గేదెని పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వారు. నేను మాత్రం నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

నవ్వితే, మహారాణి తొక్కి తెంపిన పోగులు అతుక్కోవు కదా. మామగారు తెగిన పడుగు చేత్తో పట్టుకుని, "దీన్నిలా ఒదిలేసి గడప దాటతావా?" అని ఒక్క మాట అడిగారు. ఆయన దాటలేదు. పడుగుని కాలవలో జాడించి తెచ్చి మళ్ళీ సాచారు. వీధిలో వాళ్ళంతా తమ మగ్గాలు ఆపుకుని వచ్చి, అటు వరసా ఇటు వరసా కూర్చుని పోగు పోగునా అతుకులు వేశారు. అలవాటు లేని నా వేళ్ళకి ఒక అతుకు వాళ్ళు పది వేసేసరికి పడేది. టీచరమ్మగారు తన ఇంటి నూకలు తెచ్చి గంజి తనే కాచి, "చూసుకోండి, ఉప్పెయ్యలేదండీ" అని అందరిచేతా రుచి చూపించి మరీ ఇచ్చారు. ఆ రోజు ఆ నూకలు ఆవిడకి ఎంత విలువైనవో ఇప్పుడు తలుచుకుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. మర్నాటికి మగ్గం ఆడింది. ఆ బట్ట నిండా అతుకులే, అయినా అంత గట్టి బట్ట మా ఇంట్లో మళ్ళీ నేయలేదని మామగారు ఎప్పుడూ అనేవారు. తర్వాత కూడా కరువు రోజులు చాలానే వచ్చాయి. మూట మాత్రం మళ్ళీ ఎవరూ కట్టలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు వచ్చింది. ఉప్పు లేకపోతే లేదని పైకి చెప్పాలి. ఆయన ఈ కట్టుబాటుని మరీ శ్రద్ధగా పాటించారు. ఉప్పు సమంగా ఉన్నా సరే, కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఉప్పు లేదోయ్" అనేవారు. "అయితే కట్టండి మూట" అనేదాన్ని నేను. బతికినన్నాళ్ళూ ఆ మాట అనకుండా ఆయన రెండో ముద్ద ఎత్తలేదు.

ఇప్పుడు వంట నా కోడలు చేస్తుంది. పండగపూట సరదాపడి నేను పొయ్యి దగ్గరికి వెళితే, ఒక్కోసారి కావాలనే పప్పులో ఉప్పు మానేస్తాను. అందరూ నోట్లో పెట్టుకుంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, "చాలా బాగుందమ్మా" అని తినేస్తారు. ముసలిదాన్ని నొప్పించకూడదని వాళ్ళ తాపత్రయం. ఆ "ఉప్పు లేదోయ్" కోసం చెవి ఒగ్గి కూర్చున్న నన్ను చూసి నాకే నవ్వొస్తుంది. ఆ నవ్వుతోనే లేచి వెళ్ళి ఉప్పు గిన్నె తెచ్చి వాళ్ళ మధ్య పెడతాను.