మా మామగారు పొద్దుపోక కూర్చోలేదు

మా మామగారు పోయారన్న కబురు నాకు రైల్లో అందింది. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్నాను. ఇంకో రెండు స్టేషన్లు దాటితే ఈ పరదేశంలో మేముండే నేపర్‌విల్. విజయవాడ నుంచి బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నాన్న పోయారు. తెల్లారగట్ల, నిద్రలోనే. అక్కకి మీరే చెప్పండి, నా వల్ల కాదు" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా రైలింజన్ నడిపిన మనిషి పోయిన కబురు రైల్లోనే వినవలసి రావడం గురించి ఎవరైనా ఏదో ఒకటి అందంగా అనవచ్చు. నాకు అందంగా ఏదీ అనాలని లేదు. నాకు కోపంగా ఉంది.

కోపం చావు మీద కాదు. ఆయన డెబ్బై దాటి, మంచాన పడకుండా వెళ్లిపోయారు. కోపం ఆ తర్వాత రెండు వారాలకు ఇక్కడ జరిగిన సంతాపసభ మీద. మా ఆవిడ విజయవాడ వెళ్లింది. అమ్మాయికి కాలేజీ పరీక్షలని నేనూ అదీ ఇక్కడే ఉండిపోయాం. మా ఊరి తెలుగువాళ్లు నలభై మంది దాకా వచ్చారు. సంఘంలో పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, "పాపం, పెద్దాయనకి ఇక్కడ తోచేది కాదండీ. మనవరాలు వీడియో గేములు ఆడుకుంటూ ఉంటే పొద్దుపోక వెనకాల కుర్చీ వేసుకుని కూర్చునేవారు" అన్నారు. వింటున్నవాళ్లు తలలూపారు.

నా పక్కనున్న మా అమ్మాయి నా మోచేతిని పొడిచింది. "నాన్నా, హి ఈజ్ రాంగ్. తాతయ్య టైమ్‌పాస్ చెయ్యలేదు. లేచి చెప్పు."

లేవలేదు. పత్రికల్లో ఇన్నేళ్లుగా ప్రతివాడితోనూ పోట్లాడుతున్న నేను, సంతాపసభలో గొడవెందుకని నోరు మూసుకున్నాను. అక్కడ చెప్పవలసింది ఇక్కడ చెబుతున్నాను. పెద్దమనిషిగారు కూడా చదువుతారనే ఆశిస్తున్నాను.

మా అమ్మాయి ఆడేది తెర మీద ఇద్దరు బొమ్మమనుషులు కలబడే ఆట. గుద్దులు, తన్నులు, దూకడాలు, కాచుకోవడాలు. ఎవరి ప్రాణం ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. ఒక్కో దెబ్బకూ వేళ్లు ఏ వరసలో కదలాలో నెలల తరబడి సాధన చేస్తారు. ఇంట్లో వంద సార్లు తప్పు లేకుండా చేసిన వేళ్లు, నలుగురి ముందూ కూర్చోగానే మొద్దుబారిపోతాయి. ఆ ఆటలో అసలు ప్రత్యర్థి ఆ మొద్దుబారడమే.

ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. నాకు తెలిసిందల్లా మా అమ్మాయి మగపిల్లల్ని ఓడిస్తోందని. ఆ రోజుల్లో నేను మన సంఘాల సాంస్కృతిక కార్యక్రమాల మీద వరసగా వ్యాసాలు రాస్తున్నాను. ఆడపిల్లలకు నాట్యం, మగపిల్లలకు రోబోలు, ఇదేం పంపకం అని. ఉగాది సభకు జాబితా తయారుచేస్తుంటే, "మా అమ్మాయి ఫైటింగ్ గేమ్ ఆడుతుంది, వేదిక మీద పెట్టండి" అని పట్టుబట్టాను. పెట్టించాను కూడా. పిల్లను అడగలేదు. చెప్పాను. దానికప్పుడు పదహారేళ్లు.

కూచిపూడికీ ఫ్యాషన్ షోకీ మధ్య పెట్టారు. వేదిక మీద పెద్ద తెర, దానివైపు తిప్పి రెండు కుర్చీలు, వాటి వెనక నాలుగు వందల మంది, పిండివంటల వాసన. ఎదుటి ఆటగాడు ఒక డెంటిస్టుగారి అబ్బాయి, ఈ ఆటలో అంతంతమాత్రం. యాంకరు, "ఇప్పుడు మన నేపర్‌విల్ వీరనారి" అన్నాడు. వీరనారి చేతులు వణకడం ముందు వరస చివర పక్కగా ఉన్న నాకే కనిపించింది. బొమ్మను ఆడించే కంట్రోలరు ఒకసారి ఒళ్లోంచి జారి కింద పడింది. బొమ్మ ఊరికే నిలబడి దెబ్బలు తింటోంది. వెనక నుంచి ఎవరో, "అమ్మాయీ, గరిటె అనుకుని పట్టుకో" అన్నారు. హాలు హాలంతా నవ్వింది.

మీరందరూ నవ్వారు. నాకు గుర్తుంది. కానీ ఆ కుర్చీలో దాన్ని కూర్చోబెట్టినవాణ్ణి నేను. నా వ్యాసానికి ఉదాహరణగా నా కూతుర్ని వేదిక ఎక్కించాను. గరిటె అన్నవాడికీ నాకూ తేడా ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇంటికొచ్చి అమ్మాయి కంట్రోలరు చలికోట్లు పెట్టే అలమరలో పడేసింది. నేను గదిలోకి వెళ్లి కాన్ఫిడెన్స్ గురించి ఏదో మాట్లాడాను. "నాన్నా, ప్లీజ్ గో" అంది.

మామగారు అప్పటికి నెల క్రితమే ఆర్నెల్లుందామని వచ్చారు. మా ఇంట్లో ఆయన సోఫాలో కూర్చునేవారు కాదు. మెత్తగా ఉంటే డ్యూటీలో నిద్రొస్తుందట. భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీ ఎత్తుకొచ్చి వేసుకునేవారు. పొద్దున్నే నా పాత జాకెట్టు తొడుక్కుని స్టేషన్‌కు నడిచి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, వచ్చే పోయే బళ్లను చూసి వచ్చేవారు. సలహా అడిగితే చెప్పేవారు. అడగకపోతే చొక్కా చేతులు రెండు మడతలు పెట్టుకుంటూ ఊరుకునేవారు. అడగకపోయినా మాట్లాడింది ఆ ఒక్క సాయంత్రమే.

"అమ్మడూ, స్టేజీ మీద నీకు ఏం కనబడింది?"

"ఏం కనబళ్లేదు తాతయ్యా. అందరూ నన్నే చూస్తున్నారు, అదే."

"అది వెనకాల సంగతి కదా. ముందు తెర మీద?"

మర్నాడు ఆయనే అలమరలోంచి కంట్రోలరు తీసి తుడిచి బల్ల మీద పెట్టారు. "ఆడక్కర్లేదు. వాడేం చేస్తున్నాడో నాకు చెప్పు చాలు, నాకు ఈ ఆట అర్థం కావట్లేదు" అన్నారు. అలా మొదలైంది.

ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ దారి చూస్తుంటారు. ముందు సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యి చాపి దాని రంగును పైకి పిలుస్తారు. రెండోవారు తామూ చూసి అదే రంగు తిరిగి పిలవాలి. చూసిన కళ్లు చూశాయో లేదో నోటితో రుజువు చెయ్యాలి. మా ఇంటి హాల్లో ఆయన ఆ పద్ధతే పెట్టారు. ఎదుటి బొమ్మ దూకితే "దూకాడు" అని అమ్మాయి పిలవాలి, వెనక నుంచి ఆయన "దూకాడు" అనాలి. "కాచుకున్నాడు." "కాచుకున్నాడు." "వెనక్కెళ్లాడు." "వెనక్కెళ్లాడు." మూడు నెలలు, రోజూ సాయంత్రం రెండు గంటలు, చెక్క కుర్చీ మీద వెన్ను నిటారుగా పెట్టి. పొద్దుపోకట. పెద్దమనిషిగారూ, ఆయన డ్యూటీలో ఉన్నారు.

మొదట్లో నేను వెటకారం చేశాను. "మామయ్యగారూ, మనుషులు తన్నుకునే ఆటకి మీరు కూడా తోడా?"

"మీరు పేపర్లో రాసేదాంట్లో తన్నులు తక్కువా అల్లుడుగారూ?" అన్నారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఒకరోజు ఆయన తన సంగతి చెప్పారు. బండి ఆలస్యంగా నడుస్తోంది. ఎలాగైనా అందుకోవాలన్న ఆత్రంలో దూరంగా సిగ్నల్ కనబడగానే "గ్రీన్" అని పిలిచారు. అసిస్టెంటు కుర్రవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, తిరిగి "గ్రీన్" అనలేదు. "ఎల్లో సార్" అన్నాడు. ఎల్లోనే, అంటే బండి వేగం తగ్గించాలి. "భయపడ్డవాడు కనబడింది చెప్పడమ్మా, కావలసింది చెబుతాడు. లేకపోతే వద్దనుకున్నది చెబుతాడు. ఆ రోజు వాడు నాకు ఎదురుచెప్పాడు కాబట్టి నేను రిటైరయ్యే దాకా ఉద్యోగం చేశాను. నేను తప్పు పిలిస్తే నువ్వు నన్ను దిద్దాలి."

"యూ మీన్, నీకు తప్పని చెప్పాలా తాతయ్యా?"

"అందుకేగా నువ్వు పక్కన కూర్చుంది."

మన ఇళ్లల్లో ఏ పెద్దవాడు ఈ మాట అంటాడో చెప్పండి. మనం పిల్లల్ని ఏడో ఏట నుంచి పోటీలకు తిప్పుతాం. స్పెల్లింగులు, లెక్కలు, ఉపన్యాసాలు. పోటీకి ముందు బాత్‌రూమ్‌లో పిల్ల వాంతి చేసుకుంటుంటే బయట నీళ్ల సీసా పట్టుకుని నిలబడి "యు కెన్ డూ ఇట్ నాన్నా" అంటాం. ఆ పైన ఒత్తిడిని తట్టుకోవడం ఎలా అని వేసవి క్లాసులకు పంపుతాం. గదికి నిప్పు పెట్టేదీ మనమే, చెమట పట్టకుండా కూర్చోవడం నేర్పించేదీ మనమే. పిల్ల చెయ్యి వణికితే పిల్లలో లోపం. ఆ చేతి మీద ఎంతమంది పరువు పెట్టామో ఎవరూ తూచరు. మామగారు వణకడం తప్పని ఒక్కసారి కూడా అనలేదు. "చెయ్యి దాని పని అది చేసుకుంటుంది, నువ్వు ముందు చూడు" అనేవారు. ఆట ఆటకూ మధ్య చేతులు మోకాళ్ల మీద బోర్లించి పెట్టుకోమనేవారు. అంతే. ఇంకే మంత్రమూ లేదు.

జూలైలో విమానాశ్రయం దగ్గర ఒక హోటల్ హాల్లో పోటీ పెట్టారు. అమ్మాయి పేరు తనే నమోదు చేసుకుంది. వాళ్లమ్మతో ఒకటే చెప్పింది. "చేతులు మళ్లీ అలాగే అయితే అయామ్ డన్ అమ్మా. కంట్రోలర్ ఎవరికైనా ఇచ్చేస్తా." ఆ పిల్లకు ఆ ఆట ఎంతో నాకప్పుడు తెలిసింది. గెలుపు సంగతి కాదు. నలుగురి ముందు కుర్చీలో కూర్చోగలనా లేదా అన్నదే దాని ప్రశ్న.

అమ్మాయి, మామగారు, నేను, ముగ్గురం వెళ్లాం. బల్లల మీద టీవీలు, నేల నిండా వైర్లు, వందమంది కుర్రాళ్లు. ఆడపిల్లలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఇద్దరి చేతిలో ఓడితే ఇంటికే. మొదటి ఆట కంగారులో ఓడింది. రెండో ఆటకు తాతామనవరాళ్లు పిలుచుకోవడం మొదలుపెట్టారు. "దూకాడు", "దూకాడు". నిర్వాహకురాలు వచ్చి, ఆడేవాళ్లకి వెనక నుంచి ఏమీ చెప్పకూడదని మర్యాదగానే చెప్పింది. నేను వాదనకు లేవబోయాను. ఆయన నన్ను ఆపి, అమ్మాయి వైపు వంగారు.

"రూలు రూలేనమ్మా. ఇక ఇంజన్లో నువ్వొక్కదానివే. నువ్వే పిలువు, నువ్వే దిద్దుకో."

అది గెలిచింది. ఆ తర్వాతదీ గెలిచింది. ఆపైన ఎదురుగా వచ్చి కూర్చున్నవాడు ముప్పై ఏళ్ల గడ్డపాయన, చేతుల నిండా పచ్చబొట్లు, అక్కడందరికీ తెలిసినవాడు. చుట్టూ జనం మూగారు. వెనక నుంచి ఒకడు, "ఎవరి గర్ల్‌ఫ్రెండ్?" అని ఇంగ్లీషులో అరిచాడు, కొందరు నవ్వారు. నాకు ఉగాది హాలు కళ్ల ముందు మెదిలింది. వాడి మీదకు రెండడుగులు వేశాను.

మామగారు నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. "కూర్చోండి అల్లుడుగారూ. మీ కోపం వాడికి తగలదు. ఆ పిల్ల వీపు మీద పడుతుంది."

కూర్చున్నాను. నా జీవితంలో నన్ను అలా కూర్చోబెట్టినవారు లేరు.

వాడితో ఐదు ఆటల్లో మూడు గెలవాలి. రెండు పోయాయి, ఒకటి వచ్చింది. నాలుగో ఆటలో ఇద్దరికీ ఒక్క దెబ్బ ప్రాణం మిగిలింది. నేను అమ్మాయి పెదవులే చూస్తున్నాను. "దూకుతా..." అంది. అని, ఆగి, "కాదు. నిలబడ్డాడు" అని తనను తానే దిద్దుకుంది. అవతలివాడు నిజంగానే నిలబడి ఉన్నాడు, అమ్మాయి గాల్లోకి గురిపెట్టి దెబ్బ వృథా చేస్తుందని ఎదురుచూస్తూ. అది కిందనుంచి తన్నింది. ఇందాక అరిచినవాడే ఇప్పుడు కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు కూడా నాకు నచ్చలేదు.

ఐదోది వెంట్రుకవాసిలో పోయింది. అమ్మాయి లేచి వచ్చి చేతులు రెండూ ముందుకు చాపింది.

"చూడు తాతయ్యా. ఆగాయి."

"నేను అవి చూళ్లేదమ్మా, తెర చూస్తున్నాను" అన్నారు ఆయన. అది నవ్వింది. బల్ల దగ్గరకు వెళ్లి వచ్చే నెల పోటీకి పేరు రాయించుకుని వచ్చింది. పదిరోజుల తర్వాత ఆయన విమానం ఎక్కారు. మళ్లీ రాలేదు.

ఈ కథ విన్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు, "అయ్యో, ఆ ఒక్కటీ గెలిచుంటే బావుండేదండీ" అన్నారు. వాళ్లకు ఆ హాల్లో నేను చూసింది చెబుతాను. గెలిచిన గడ్డపాయన అమ్మాయికి చెయ్యి కలిపి, వెనకే ఉన్న పెద్దాయనకూ మర్యాదగా చెయ్యి చాపాడు. మామగారు ఆ చెయ్యి అందుకున్నారు. అందుకున్నాక వదల్లేదు. ఆ పచ్చబొట్ల చెయ్యి ఆకులా వణుకుతోంది. మామగారు రెండో చేతిని దాని మీద కప్పారు. చుట్టూ జనం వాడి వీపు తడుతున్నారు, ఫోటోలు తీస్తున్నారు, తర్వాతి ఆటకు పేరు పిలుస్తున్నారు. వాడు మాత్రం కదలకుండా, తల వంచుకుని, తనకు భాష తెలియని ఒక ముసలాయన అరచేతుల మధ్య చెయ్యి పెట్టి, అది ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.