సూడాన్ వెల్డర్ ఫోన్

ఒమన్‌లోని సోహార్‌లో మా కంపెనీ ట్యాంకుల మరమ్మతు పని పట్టినప్పుడు నాది కాపలా డ్యూటీ. వెల్డర్ ట్యాంకులోకి వెళ్తే, బయటికి వచ్చేదాకా నేను మ్యాన్‌హోల్ దగ్గర నుంచి కదలకూడదు. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి అది నా చేతికిచ్చి వెళ్లాలి. ఊరికే నిలబడి జీతం తీసుకుంటున్నావని రూమ్‌లో వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. వాళ్ల మొహం, ఒక్కరోజు నిలబడితే తెలిసేది.

మా వెల్డర్‌ది సూడాన్. అక్కడ దేశంవాళ్లే రెండుగా చీలి కొట్టుకుంటున్నారు. యుద్ధం తమ రాష్ట్రం దాకా వస్తోందని ఊరూరా కుర్రవాళ్లు తుపాకులు పట్టి, రాష్ట్రం పేరుతో దళాలు కట్టారట. ఆయన తమ్ముడు కూడా చేరతానంటున్నాడు. వద్దని ఈయన రోజూ భోజనాల వేళ వీడియో కాల్‌లో బతిమాలేవాడు, పక్కన కూర్చునే నాకూ ఆ తమ్ముడి మొహం గుర్తే.

ఒకరోజు పొద్దున పదింటికి ఆ ఫోన్ మోగింది. చూస్తే వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో తమ్ముడి ఫోటో. మిలిటరీ బట్టలు, చుట్టూ రంగు అంచు, పైన అరబీ అక్షరాలు. మా జగిత్యాల దిక్కు వాట్సాప్‌లో అట్లాంటి ఫోటో వచ్చిందంటే మనిషి పోయినట్టే. ఆయనేమో లోపల ముప్పై అడుగుల ఎత్తున పరంజా మీద ఉన్నాడు. చెబితే పట్టు తప్పి పడతాడు. పది నిమిషాలకోసారి పిలిచి ఓకేనా అని అడగడం నా పని. ఏమీ ఎరగనట్టు రెండు గంటలు అలాగే పిలిచాను. ఆ రెండు గంటలు పగవాడికి కూడా వద్దు.

ఆయన బయటికొచ్చి, ఫోటో చూసి అక్కడే కూలబడ్డాడు. తమ్ముడు చనిపోలేదు, దళంలో చేరాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బతికే ఉన్నాడు కదా అని వీపు తట్టాను. ఆయన తల ఎత్తలేదు. చేరినప్పుడూ పోయినప్పుడూ అదే ఫోటో పెడతారట, పైన ఒక్క మాట మారుస్తారట. నాకు అరబీ చదవడం రాదని మార్కర్ తీసి నా గ్లౌజు మీద, పోయినప్పుడు పెట్టే ఆ మాట రాశాడు. అమరుడు అని దాని అర్థం.

"మై అందర్ హై తో నహీ బోల్నా. నీచే ఆయేగా, ఫిర్ బోల్నా," అన్నాడు. ఆ మాటతో ఫోటో వస్తే తాను లోపల ఉండగా చెప్పొద్దని, కిందికి దిగాకే చెప్పమని.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకు చెబితే, "గాయన ఫోన్ నీకెందుకు, వేరేటోళ్లకియ్యమను," అంది. మర్నాడు సూపర్‌వైజర్‌కి సిగ్గులేకుండా నడుము నొప్పి అని అబద్ధం చెప్పి డ్యూటీ మార్చమన్నాను. మనుషులు లేరన్నాడు.

ఎనిమిదేళ్లుగా ఒమన్‌లో ఉన్న నాకు చదవడం వచ్చిన అరబీ మాట అదొక్కటే. వారం తిరక్కుండానే, ఆయన లోపల ఉండగా మళ్లీ ఆ ఫోన్ మోగింది. ఫోటో పైన అదే మాట. ముఖం చూడటానికి ధైర్యం చాలక కాసేపు ఆ అక్షరాల మీదే వేలు పెట్టి నిలబడ్డాను. తరువాత చూశాను. వేరే కుర్రవాడు, ఇంకా సరిగా మీసాలు కూడా రాలేదు. వాడు కాదు, దేవుడా నీకు దండం, అని పైకే అనేశాను. అన్నాక చెంపలు వేసుకున్నాను. ఆ పిల్లాడికీ ఎక్కడో ఒక అన్న ఉండే ఉంటాడు.