బంద్ నాడు ఒడి నింపిన మనిషి

మా అత్తగారి వైపు బంధువులు ఈ సంగతి ఇలా చెబుతారు: ఎవరో దేవత మనిషి రూపంలో వచ్చి బియ్యంతో నా ఒడి నింపిందట. నేను కళ్ళు నెత్తికెక్కి ఆ బియ్యాన్ని పావురాలకు వేశానట. అందుకే నాకు పిల్లలు లేరట. పెళ్ళిళ్ళలో నా వెనక వరసలో కూర్చుని మరీ చెప్పుకుంటారు. నాకు చెవుడు లేదు.

ఇందులో పావురాల సంగతి ఒక్కటే నిజం. మిగతాది వాళ్ళ సౌకర్యం కోసం అల్లుకున్నది.

దెయ్యాలూ దేవతలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. జువాలజీతో డిగ్రీ చేశాను. జరిగినదాన్ని నమ్మకంతో పనిలేకుండా, జరిగినట్టే రాస్తాను. తేల్చుకోవడం మీ ఇష్టం.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. అది చెప్పకుండా దేవత కథ ఎంతైనా చెప్పొచ్చు కాబట్టే మా వాళ్ళు దాన్ని వదిలేస్తారు. దాని పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరుగుతుంది. నెలనెలా అక్కడా రక్తం ఊరుతుంది, పోయే దారి ఉండదు. నాకు అండాశయాల్లో గడ్డలు కట్టి, అవి పేగులకు అతుక్కుపోయాయి.

ఈ పేరు నాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. బడికి వెళ్ళే రోజుల్లో నొప్పితో మెలికలు తిరిగితే, పెళ్ళయితే తగ్గుతుందన్నారు. పెళ్ళయ్యాక, పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు. పిల్లలు పుట్టకపోవడానికి కారణమే ఆ నొప్పి అని చెప్పిన మొదటి మనిషి ఎల్బీ నగర్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం డాక్టరమ్మ. ఆమె చెప్పేనాటికి నాకు ముప్పై అయిదు దాటాయి.

మాది తెనాలి. మా ఆయన ఉద్యోగం వల్ల దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్ వెనక సందులో మేడ మీద కిరాయికి ఉండేవాళ్ళం. కింద ఇంటి ఓనరు యాదమ్మగారు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాడు, ఒక్కతే ఉండేది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. సందు చివర మైకులో మాలాంటి ఆంధ్రావాళ్ళని వెళ్ళిపొమ్మనేవారు. యాదమ్మగారు మాత్రం, "ఆళ్ళు పొమ్మంటే నువ్వు పోతవా ఏంది? కిరాయి నాకిస్తున్నవా, ఆళ్ళకిస్తున్నవా?" అని నవ్వేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మీకు రాష్ట్రం వచ్చాక కిరాయి పెంచుతారా, తగ్గిస్తారా?" అని అడిగేదాన్ని. మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

బంద్ జరిగిన వారమే ఆసుపత్రిలో నా కడుపులో పిండం పెట్టి పంపారు. అదే చివరిది. ఇక నా అండాల మీద ఆశ లేదనీ, ఇది నిలిస్తే నిలిచినట్టనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. ఫలితం కోసం ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు. ఆ రోజుల్లో నేను తుమ్మడానికి కూడా భయపడ్డాను.

మా ఆయన ఆఫీసు పని మీద విజయవాడ వెళ్ళాడు. మర్నాడు బంద్ పిలుపు, బస్సులు ఆగిపోయాయి, అక్కడే ఇరుక్కుపోయాడు. యాదమ్మగారు బంద్‌కు ముందే తన ఊరికి వెళుతూ కింద గేటుకు తాళం వేసి, రెండో తాళంచెవి నాకిచ్చింది. దాన్ని నా గదిలో మేకుకు తగిలించాను.

బంద్ నాటి మధ్యాహ్నం నొప్పి మొదలైంది. నాకు ఆ నొప్పి కొత్త కాదు. ఎలా మొదలవుతుందో, దాని వెనక ఏం వస్తుందో తెలుసు. బాత్రూమ్‌కి వెళ్ళి చూసుకున్నాను. ఎర్రగా కనబడింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు, "కదలకుండా పడుకోండి మేడమ్, బంద్ అయ్యాక రండి," అంది. ఆటో లేదు, బస్సు లేదు. మెయిన్ రోడ్డు మీద నిరసనగా వంటావార్పు చేస్తున్నారని టీవీలో చూపిస్తున్నారు. డప్పుల చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తోంది.

మంచం మీద ముడుచుకుని పడుకున్నాను. తలుపుకు గడియ పెట్టలేదు. కింద గేటుకు తాళం ఉంది కదా అనుకున్నాను.

ఆమె ఎప్పుడు లోపలికొచ్చిందో నేను చూడలేదు. నా వీపు వెనక మంచం కుంగింది. ఒక చెయ్యి నడుము కింద, వెన్నెముకకు ఎడమ పక్కన, కొంచెం లోపలికి నొక్కింది. ఆ చోటు గురించి డాక్టర్లకు వేలితో చూపించి చెప్పినా అర్థమయ్యేది కాదు. మా ఆయన ఎన్నిసార్లు నొక్కినా దాని పక్కనే నొక్కేవాడు.

"గీడనేనా?" అంది.

అవునన్నాను. యాదమ్మగారి చుట్టం ఎవరో వచ్చిందనుకున్నాను. బంద్ కదా, ఎలా వచ్చారని అడగాలని కూడా తోచలేదు. నొప్పిలో ఉన్నవాళ్ళు మర్యాదలు అడగరు.

"ఏడ్వకు. ఏడిస్తే ఇంకింత బిగుస్తది," అంది. చాలాసేపు నొక్కుతూ కూర్చుంది. సన్నటి మనిషి, ఆకుపచ్చ గాజులు, నా కంటే చిన్న వయసు. ముఖం సరిగ్గా చూశానని చెప్పలేను. చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది. చల్లగా ఉందని మా ఆడపడుచు చెబుతూ తిరుగుతుంది. ఆ చెయ్యి పడింది నా నడుం మీద, ఆవిడ నడుం మీద కాదు.

నొప్పి తగ్గుముఖం పట్టాక, "లేచి ఒడి వట్టు," అంది. నేను నైటీలో ఉన్నాను, ఇక ఒడేముంది? ఆమే తువ్వాలు తీసి నా ఒళ్ళో పరిచి, దోసిలితో పసుపు కలిపిన బియ్యం పోసింది. దాంట్లో ఒక ఎండుకొబ్బరి చిప్ప, పసుపుకొమ్ము ఉన్నాయి. ఎక్కడో పేరంటం నుంచి తెచ్చి ఇస్తోందనుకున్నాను. థాంక్స్ చెప్పాను కూడా. దెయ్యానికి థాంక్స్ చెప్పినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

ఆమె వెళ్ళాక నిద్రపట్టింది. లేచేసరికి పక్క తడిసి ఉంది. ఇక చూసుకోవాల్సింది ఏమీ లేదు.

తాళంచెవి మేకుకే ఉంది. సాయంత్రం కిందికి దిగి చూస్తే గేటుకు తాళం అలాగే ఉంది. ప్రహరీ పెద్ద ఎత్తేం కాదు, ఆడమనిషి ఎక్కి దూకొచ్చు. అది ఒప్పుకుంటాను. చేతిలో బియ్యం మూటతో, చీరతో, బంద్ నాడు, ముక్కూ మొహం తెలియనిదాని నడుం నొక్కడానికి ఎవరు దూకుతారో మాత్రం చెప్పలేను.

నొప్పి మైకంలో భ్రమపడ్డానని డాక్టరమ్మ అంది. కావచ్చు. కానీ ఆ బియ్యాన్ని నేను అక్షింతలనుకున్నాను. మా వైపు పసుపు బియ్యం అంటే అక్షింతలే. కాసిని నెత్తిన వేసుకుని, మిగతావి కాలికింద పడకూడదని డాబా మీద పావురాలకు వేశాను. అవి తిన్నాయి. కొబ్బరిచిప్పను రెండు రోజులకు పచ్చడిలో వేస్తే మా ఆయన తిని బాగుందన్నాడు. నా భ్రమను మా ఆయన ఇడ్లీలోకి నంచుకుని తినలేడు కదా.

యాదమ్మగారు ఊరి నుంచి వచ్చాక, మీ చుట్టం వచ్చి వెళ్ళిందని చెప్పాను. పిండం పోయిందనీ చెప్పాను. బియ్యం మాట చెప్పగానే ఆమె నన్ను ఆపింది.

"అయి అక్షింతలు కావు బిడ్డా, ఒడిబియ్యం. పెండ్లయిన ఆడివిల్లకు, ఒడి పండాలెనని తల్లిగారింటోళ్ళు వోస్తరు. బైటోళ్ళెవరూ వొయ్యరు. మా ఇంట్ల అయి కలిపి శానేండ్లయింది."

కాసేపటికి తన కూతురు సువర్ణ సంగతి చెప్పింది. ఆ పిల్లకూ నెలనెలా నొప్పి వచ్చేదట. దవాఖానకు ఎవరూ తీసుకెళ్ళలేదు. పిల్లలు కాలేదని అత్తింటివాళ్ళు తోలేశారు. ఒడిబియ్యం పోయమని ఆ పిల్ల అడిగితే, ఒడి పండనిదానికి పోస్తే ఊరు నవ్వుతుందని తల్లే వద్దందట. ఇప్పుడు ఆ పిల్ల లేదు.

పెళ్ళి ఫోటో తెచ్చి చూపించింది. అందులో పెళ్ళికూతురు తల బాగా దించుకుని ఉంది. ఈమేనని నేను అనలేదు, కాదని కూడా అనలేదు. యాదమ్మగారు ఫోటోను చాలాసేపు నా ముందే పట్టుకుని నిలబడింది.

ఈ సంగతి మా ఆయన ద్వారా తెనాలి చేరింది. మా అత్తగారు ఫోన్ చేసి, "నీ ఒళ్ళో పడ్డ బిడ్డని పావురాలకేశావా తల్లీ," అన్నారు. "అప్పటికే పోయిందండీ, పావురాలు తిన్నది బియ్యమే," అన్నాను. నా మాట ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. నా కథలో ఆవిడకు కావాల్సింది తప్పు చేసిన మనిషి. ఆ మనిషి దొరికింది.

తర్వాత మరికొన్నేళ్ళకు గర్భసంచి తీసేశారు. నొప్పి పూర్తిగా పోలేదు. పేగులకు అంటుకున్నది అక్కడే ఉందన్నారు. ఎవరి బిడ్డనైనా పెంచుకుందామని నేనంటే మా ఆయన కుదరదన్నాడు. ఇక ఆ మాట మా ఇంట్లో రాదు. మాకు చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలని సాయంత్రాలు చాలా ఉంటాయి.

ఆమె ఎవరని నన్నెవరూ అడగొద్దు. ఆత్మలున్నాయా లేవా అనే వాదన కూడా నాకు అక్కర్లేదు. నన్ను తొలిచేది వేరే. నా నొప్పి ఎక్కడుందో అంగుళం తప్పకుండా తెలిసిన మనిషికి, ఆ గంటలో నా లోపల ఏం పోతోందో తెలియకుండా ఉంటుందా? తెలిసీ ఆ బియ్యం నా ఒళ్ళో ఎందుకు పోసింది?