లిఫ్టులో పట్టని ఏనుగు

ఆ ప్రచురణ సంస్థలో పుస్తకాలకి ముఖచిత్రాలు గీసే పెద్దమనిషిని అందరూ ఏనుగుల మావయ్య అంటారు. ఆయన గీసిన ఏనుగులన్నీ అట్టలు దిగి దాహానికి బయల్దేరితే ఊళ్లో కుళాయిలు ఆర్నెల్లు ఎండిపోతాయి. అబద్ధమైతే అడగండి, ఆయన ఏడాది అంటాడు.

ఆసియా మీద ఇంగ్లీషు నవల వచ్చిందంటే ఆయన చదివే బాపతు కాదు. "రాసింది తెల్లవాళ్లా, మనవాళ్లా?" ఒక్క ముక్క అడిగేవాడు. తెల్లవాళ్లయితే పొగమంచు, ఏనుగు, ఎర్రటి సూర్యుడు. మనవాళ్లయితే కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడ్డ ఆడమనిషి, బారెడు జడ. మొహం గీసి ఎన్నేళ్లయిందో! ఎవరైనా దెప్పితే, "వాళ్లు లోపల రాసేదీ అదేగా" అని నవ్వేసేవాడు.

ఈసారి నవల రాసింది సొంత మేనకోడలు, చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి ఊరేగిన పిల్ల. ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే ఒకావిడ కథ. కాగితాల కట్ట తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది.

"మావయ్యా, చదివి గియ్యి. నా మనిషికి కూడా వీపు తిప్పించావో, నీతో మాట్లాడను."

"అంత మాటనకే తల్లీ! ఇంగ్లీషు చదివితే నాకు నిద్రొస్తుంది."

"నిద్రపోయి లేచి చదువు."

చదివాడు. ఆ లిఫ్టావిడ, పై అంతస్తు పెద్దలు ఎక్కితే చాలు, మధ్యలో లిఫ్టు ఆపేసి వాళ్లచేత పాటలు పాడించుకుంటుంది. మావయ్య కుర్చీలోంచి జారిపడేలా నవ్వాడు. ఇలాంటిదానికి వీపేంటి? లిఫ్టు తలుపులు బార్లా తెరిచి, నడుం మీద చెయ్యేసుకుని ఎదురుగా చూస్తున్న మనిషిని గీశాడు.

యజమాని బొమ్మ చూసి తల పట్టుకున్నాడు.

"ఇందులో ఆసియా ఎక్కడుందయ్యా? విదేశాల్లో ఎవడు కొంటాడు? పోనీ, చిన్న ఏనుగైనా పెట్టు."

"లిఫ్టులో పట్టదండీ."

"సూర్యుడో?"

"లోపల ట్యూబులైటుందండీ. ఎర్రగా వేసెయ్యమంటారా?"

"వేళాకోళమా? ఇంకొకళ్లచేత గీయిస్తా!"

"గీయించండి. మిగతా ఏనుగులు కూడా వాళ్లకే ఇచ్చెయ్యండి," అని మావయ్య కుంచెలు సర్దడం మొదలెట్టాడు. ఏనుగు అట్టలు కావాల్సిన నవలలు మూడు, ఆయన బొమ్మల కోసమే అచ్చుకి ఆగి ఉన్నాయి. యజమాని గొణుక్కుంటూ బొమ్మ మీద సంతకం గిలికాడు.

మేనకోడలు ఆ బొమ్మని వెలుతురులోకి పట్టుకెళ్లి ఎంతసేపు చూసిందో!

"మావయ్యా, ఈ ముక్కు నీదేగా?"

"మొహాలు మర్చిపోయానే. అద్దం ముందు కూర్చున్నా. మీసం తీసేశానా లేదా?"

"ఉండనీ. మా లిఫ్టావిడకి ఆ పొగరు ముక్కే కావాలి," అంటూ వచ్చి ఆయన ముక్కు పట్టుకుని ఊపేసింది.