ఒడ్డు చెయ్యి

పాఠానికి ముందు ఇసిడోరోస్ గోడని తడతాడు. వేలి కణుపుతో టక్ టక్ మని తట్టి, చెవి ఆనించి వింటాడు. డొల్లగా మోగితే పక్కకి జరుగుతాడు. గట్టిగా మోగితే పెన్సిల్‌తో గుర్తు పెడతాడు. అంతవరకూ నోరు విప్పడు.

పెరామా రేవుకి ఎగువన గుట్ట మీదున్న శిక్షణ కేంద్రంలో అతను నేర్పేది ఒక్కటే పని, కరెంటు సామాను బిగించడం. ప్యానెల్ బోర్డు, మీటరు పెట్టె, వేణ్ణీళ్ళ హీటరు, పైకప్పుకి వేలాడే మోటారు, ఏదైనా సరే, ఊడకూడదు, కదలకూడదు, కింద నిలబడ్డవాడి నెత్తిన పడకూడదు. వైర్లు కలపడం నేర్పే మాస్టార్లు వేరే ఉన్నారు. వాళ్ళ గదుల్లో మాటలెక్కువ. ఇతని గదిలో డ్రిల్లింగ్ మిషను మోత.

ఆ మంగళవారం తెక్లా పెట్టిన బోల్టు, స్పానర్ ఇంకా పూర్తిగా తిరక్కముందే గోడలోంచి మొత్తం ఊడి వచ్చేసింది. తెక్లా పదకొండేళ్ళు రొట్టెల బట్టీలో పనిచేసి, అది మూతబడ్డాక ఇక్కడ చేరింది. నోరు పెద్దది.

"గోడ మంచిది కాదు మాస్టారూ," అంది.

"గోడదా తప్పు? కన్నం ఊదావా?"

"ఊదాను."

"ఎక్కడ? దూరం నుంచి, పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి ఊదినట్టా? లోపల గోడ పిండి అంతా అలాగే ఉంది చూడు. పిండి జల్లిన పళ్ళెంలో రొట్టె అంటుకుంటుందా?"

"అంటుకోకూడదనే కదండీ పిండి జల్లేది."

"మరి!"

పక్కనున్న అగ్రోన్ కిసుక్కున నవ్వాడు. తెక్లా ఊదుడు పంపు తీసుకుని, కన్నంలోంచి ధూళి రావడం మానేదాకా ఊదింది. రెండోసారి బోల్టు పట్టింది. ఇసిడోరోస్ దానికి రెండు ఇసక బస్తాలు వేలాడదీయించి, గంటసేపు ఎవర్నీ దాని కిందకి పోనివ్వలేదు.

ఆ గంటా అతను కిటికీ దగ్గరే నిలబడ్డాడు. గుట్ట కింద మరమ్మతు రేవులు, వాటికి కట్టిన ఓడలు, నీళ్ళకి అవతల సలమీనా దీవి కొండలు. ఓడల పేర్లు అంత దూరం నుంచి చదవలేడు గానీ, పొగగొట్టం చూసి ఏది ఎప్పుడొచ్చిందో, ఏది ఏ వారం వెళ్ళిపోతుందో చెప్పగలడు. కేంద్రంలో ఈ సంగతి ఎవరికీ తెలీదు. క్లాసులో అతను సముద్రం ఊసే ఎత్తడు.

ఇరవై మూడేళ్ళు ఓడల మీద ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. అతనిది కియోస్ దీవిలో కర్దామిలా ఊరు. ఆ ఊళ్ళో మగవాడు ఇంట్లో కనిపిస్తే, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఏడేళ్ళ కిందట భార్య ఆర్గిరో మెట్ల మీంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, ఆర్నెల్ల సెలవు పెట్టి ఒడ్డుకొచ్చాడు. ఆర్నెల్లకి ఆవిడ నడిచింది. ఈలోగా కేంద్రం వాళ్ళు ఒక్క టర్ము చెప్పమన్నారు. ఆ తర్వాత ఇంకొకటి అన్నారు. ఎవరూ కట్టేయలేదు, ఎవరూ పొమ్మనలేదు. అలా ఏడేళ్ళు గడిచాయి. ఓడ ఎక్కడానికి కావాల్సిన నావికుడి పుస్తకం మాత్రం కాలం తీరనివ్వలేదు. రెండేళ్ళకోసారి డాక్టరు దగ్గరికెళ్ళి ఓడ పనికి పనికొస్తానన్న కాగితం రాయించుకుని, చొక్కాల అడుగున దాచేవాడు.

ఆ సాయంత్రం పరస్కేవాస్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఇసిడోరోస్‌తో ఒకే ఓడలో ఇంజనుకి నూనె పోసే పనివాడు, ఇప్పుడు చీఫ్ ఇంజినీరు. అతని సరుకు ఓడ పెరామాలోనే మరమ్మతులో ఉంది.

"అన్నా, మా ఎలక్ట్రీషియన్ ఇంటికెళ్ళిపోయాడు. శుక్రవారం బయల్దేరాలి. కొత్తగా ఎమర్జెన్సీ దీపాల ప్యానెల్ ఒకటి బిగించాల్సి ఉంది. గురువారం రా, అది బిగించు, ఓడ చూసుకో. నచ్చితే దిగకు."

ఇసిడోరోస్ ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆర్గిరో గిన్నెలు తుడుస్తూ, "ఎప్పుడు?" అంది.

"ఏమిటి ఎప్పుడు?"

"ఓడ ఎప్పుడయ్యా? ఏడేళ్ళయింది, ఇప్పటికీ నిద్దట్లో మంచం అంచు పట్టుకునే పడుకుంటావు, ఎక్కడ దొర్లిపోతావో అని. చొక్కాల అడుగున కాగితాలు నేను చూళ్ళేదనుకున్నావా? ఇస్త్రీ చేసేది ఎవరు?"

"నీకు కష్టం కాదూ?"

"నువ్వింట్లో ఉండి కిటికీతో కాపరం చేస్తుంటే సుఖంగా ఉందా నాకు? వెళ్ళు."

సంచీ ఆవిడే సర్దింది. ఎండు రొట్టెలు, అత్తిపళ్ళు, మందపాటి మేజోళ్ళు నాలుగు జతలు. కాగితాలు అన్నిటికన్నా పైన పెట్టింది.

గురువారం కేంద్రానికి సెలవు పెట్టి వెళ్ళాడు. ఓడలో అడుగుపెట్టగానే ఆ వాసన, కాలిన నూనె, కొత్త రంగు, వేడెక్కిన ఇనుము, ముక్కుకి తగిలింది. ఇంజను గదిలోకి దిగే నిలువు మెట్ల దగ్గర, ఆలోచించకుండానే ఒళ్ళు వెనక్కి తిరిగి, మెట్ల వైపు మొహం పెట్టి దిగింది. కాళ్ళు మర్చిపోలేదు. ఆ సంతోషం ఎవరికీ కనపడకుండా తల వంచుకున్నాడు.

పరస్కేవాస్ ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. అతని కుడి భుజం ఎడమదానికంటే బెత్తెడు కిందికుంది. ఇరవై ఏళ్ళ కిందట బిస్కే అఖాతంలో తుఫాను రేగినప్పుడు బ్యాటరీల పెట్టె గోడ నుంచి ఊడి ఆ భుజం మీద పడింది. రేవులో ఎవరో ఒడ్డు పనివాడు, ఇళ్ళల్లో బిగించే పద్ధతిలో బిగించిన పెట్టె అది. ఆ రాత్రంతా ఇసిడోరోస్ దాన్ని మళ్ళీ బిగిస్తూ, ఆ ముక్కూ మొహం తెలీనివాణ్ణి, వాడి "ఒడ్డు చేతుల్ని" తిడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత పని పాడుచేసిన ప్రతివాణ్ణీ ఆ మాటతోనే తిట్టేవాడు.

ప్యానెల్ నిలువెత్తు పెట్టె. వెనక నాలుగు ఇనుప కాళ్ళు. ఓడ గోడకి నాలుగు దిమ్మలు అతికించి, వాటికి ఆ కాళ్ళు బిగించాలి. ఇసిడోరోస్ చెయ్యి దానంతటదే సంచీలోకి వెళ్ళి రసమట్టం తీసింది. బుడగ నడిమికి తెచ్చి గీతలు గీశాడు. వెల్డరు దిమ్మలు అతికించాడు. చల్లారాక రబ్బరు మెత్తలు వేసి, అదురుకి వదులవని నట్లు బిగించాడు. ఒక్కొక్క నట్టుకీ స్పానర్ అదే బిగువున ఆగింది. మధ్యాహ్నానికి పని ముగిసింది. ఎన్నాళ్ళకో చెమటలో హాయి తెలిసింది.

పరస్కేవాస్ రెండు కప్పుల కాఫీతో వచ్చాడు. ప్యానెల్‌ని చూశాడు. తల కొంచెం పక్కకి వంచాడు.

"అన్నా, వంకరగా లేదూ?"

"వంకరా? బుడగ చూడు, నట్టనడుమ ఉంది."

మాట నోట్లోంచి వచ్చాక వినపడింది అతనికి. కాఫీ కప్పు చేతిలోనే ఉండిపోయింది.

ఓడ ఖాళీగా ఉంది. బరువైన ఇంజను వెనకుంది కాబట్టి వెనక భాగం నీళ్ళలోకి దిగి, ముక్కు పైకి లేచి ఉంది. నీళ్ళ మీదున్న ఓడ ఏ పూటా మట్టంగా ఉండదు. రసమట్టం భూమికి నిజం చెబుతుంది, ఓడకి కాదు. ఓడలో డెక్కు నుంచి కొలుచుకోవాలి, గోడ వెనక నిలువుగా దిగిన ఇనుప పక్కటెముకలు చూసుకోవాలి. ఇది పదిహేడేళ్ళప్పుడు నేర్చుకున్న మొదటి సంగతి. వంగి చూశాడు. ప్యానెల్ వాలుగా రావడంతో కింది దిమ్మ ఒకటి పక్కటెముకని రెండు వేళ్ళ మేర తప్పి, ఉత్త రేకు మీద కూర్చుంది. నాలుగు తుఫానులకి ఆ రేకు చిట్లుతుంది.

వెల్డరు పళ్ళికిలించాడు. "ఓహో, మాస్టారు సముద్రానికి మట్టం చూశారే!"

"నోర్ముయ్," అన్నాడు పరస్కేవాస్. తర్వాత మెల్లిగా, "పోనీలే అన్నా. కోసేసి మళ్ళీ పెడదాం. ఎవరికైనా జరుగుతుంది."

ఇసిడోరోస్ స్పానర్ అందుకున్నాడు. నట్లు విప్పాడు. దిమ్మలు కోయించి, గోడ నున్నగా రుద్దించి, ఈసారి డెక్కు నుంచి కొలిచాడు. పక్కటెముకని సుత్తితో తట్టి విని, ముందు గీత గీసి, ఆ గీతనే మళ్ళీ మూడుసార్లు కొలిచాడు. పని ముగిసేసరికి సాయంత్రం ఐదయింది. పరస్కేవాస్ రెండు చేతులా ప్యానెల్ పట్టుకుని బలంకొద్దీ లాగాడు. ఓడ కదలాలి గానీ అది కదలదు.

"నీ గది చూపిస్తా పద, అన్నా."

"వద్దు పరస్కేవా."

"దీనికేనా? ఒక నెల తిరిగితే చెయ్యి దారికొస్తుంది."

"వస్తుంది. ఆ నెలంతా నేను బిగించినవాటి కింద ఎవరు నిలబడతారు?"

"నేను నిలబడతా. ఇంకో భుజం ఉందిగా."

ఇసిడోరోస్ నవ్వబోయాడు, పెదవులు సాగలేదు. "ఈ పూట నిదానంగా చేశాను కాబట్టి నిలిచింది. గాలివానలో, దీపాలారిపోయిన పూట, చెయ్యి ఆలోచించదు, అలవాటైంది చేస్తుంది. నా చేతికి ఇప్పుడు అలవాటైంది గోడలు. కిందటి నెల దాకా నీళ్ళ మీదున్నవాణ్ణి ఎవణ్ణైనా చూసుకో. పక్కనే పిరేయస్ రేవులో బోలెడుమంది."

"ఏడేళ్ళు ఎదురుచూశావు కదన్నా."

"చూశాను," అన్నాడు ఇసిడోరోస్. సంచీ భుజాన వేసుకుని, ఇనుప గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. లోపల ఎక్కడో పంపు మొదలై గోడ సన్నగా వణికింది. ఆ వణుకు ఆగేదాకా చెయ్యి తియ్యలేదు.

ఇంట్లో ఆర్గిరో సంచీ చూసింది, మొహం చూసింది. మేజోళ్ళు తీసి అలమరలో పెట్టింది. కాగితాలు ఎక్కడ పెట్టాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడితే, "అక్కడే పెట్టు, చొక్కాల కింద," అన్నాడు.

శుక్రవారం పదకొండు గంటలకి క్లాసులో అగ్రోన్ మీటరు పెట్టె గోడకి ఆనించి పట్టుకుని ఉండగా, రేవులో హారన్ మూడుసార్లు మోగింది.

"ఇంతలేసి కూతలేవిటో," అని తెక్లా కిటికీ మూయబోయింది.

"ఉండనీ," అన్నాడు ఇసిడోరోస్. అగ్రోన్ వైపు తిరిగి, "ఇది గోడ కాబట్టి రసమట్టంతో సరిపోయింది. ఓడ మీదయితే ఇలా కాదు," అన్నాడు.

ఈ గదిలో అతని నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. తెక్లా, అగ్రోన్ ఇద్దరూ ఒక్కసారి ఆగిపోయారు.

"ఓడ మీదయితే ఎలాగండీ మాస్టారూ?" అంది తెక్లా.

"చెబుతా," అన్నాడు. అప్పటికే కిటికీ వైపు తిరిగాడు. కింద పరస్కేవాస్ ఓడ రేవు వదిలి, మెల్లిగా ముక్కు దక్షిణానికి తిప్పుకుంటోంది. అగ్రోన్ చేతులు నొప్పెడుతున్నా పెట్టె దించలేదు. ఓడ చిన్న దీవి వెనక్కి వెళ్ళి, పొగగొట్టం కూడా కనిపించకుండా పోయేదాకా వాళ్ళు అలాగే ఎదురుచూశారు.