రెండో వరస రాయని పలక

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండేది. చనిపోయినవాళ్లు దేవుని దగ్గర ఉంటారు, లేదంటే మట్టిలో ఉంటారు, బస్సులెక్కి తిరగరు అని నాతోపాటు అంగన్‌వాడీలో పనిచేసే ఆయమ్మతో ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది మార్కాపురం. నాయన పలకల ఫ్యాక్టరీలో కోత పని చేసేవాడు. మాకు కెమెరా లేదు. అందుకని ఎక్కడికి పోయివచ్చినా ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుని, ఫ్యాక్టరీలో పక్కన పడేసిన విరిగిన పలక ఒకటి తీసుకుని, మేకుతో ఊరి పేరు గీసేవాడు. దాని కింద రెండు వరసలు. ఎంతమంది పోయామో ఒకటి, ఎంతమంది వచ్చామో ఇంకొకటి. చోటు మిగిలితే ఇంకో ముక్క.

"కురిచేడు. మిరప కోతలు. ముగ్గురం పోయినాం. ముగ్గురం వచ్చినాం. రైల్లో సీటు దొరికింది." ఇలా ఉండేవి. గిద్దలూరులో అత్త కూతురి పెళ్లి పలక మీద "కూర చాలలేదు" అని ఉంటుంది. అత్త ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ ఆ పలకను వెనక్కి తిప్పి పెట్టేది.

బలపంతో రాస్తే చెరిగిపోతుందని మేకు వాడేవాడు. ఒక్కో అక్షరం మీద రెండుసార్లు గీసేవాడు. గోడ అరలో అలాంటివి నలభై దాకా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికి మాత్రం రెండో వరస లేదు. "కంభం చెరువు. నలుగురం పోయినాం." అంతే.

అప్పుడు నాకు పదేళ్లు, తమ్ముడు సామేలుకు ఐదు. చెరువు కట్ట మీద అన్నాలు తిన్నాక నాయన కాసేపు నడుం వాల్చాడు. అమ్మ గిన్నెలు కడగడానికి పోతూ వాడి చెయ్యి నా చేతిలో పెట్టి, విడవొద్దంది. చెమట పట్టిన చిన్న చెయ్యి. నాకు విసుగొచ్చింది. ఒడ్డున కొంగ కనిపిస్తే చూద్దామని విడిచాను. ఎంతసేపని, కొంగ ఎగిరిపోయేదాకా. తిరిగి చూస్తే వాడు లేడు.

జాలర్లు మూడు రోజులు వలలు వేశారు. శవం కూడా దొరకలేదు. వాడే చెయ్యి గుంజుకుని పరుగెత్తాడని చెప్పాను. అందరూ నమ్మారు. అది అబద్ధమని ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

నాయన ఆ పలక మీద మొదటి వరస గీశాక అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"వాడు దొరికేదాకా రెండోది రాయొద్దు."

అమ్మకు చదువు రాదు. కానీ రోజూ ఆ పలకను వేళ్లతో తడిమి, వరస ఒకటే ఉందని చూసుకునేది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గీ దగ్గీ నాయన పోయాడు. అప్పటికీ ఆ చోటు ఖాళీగానే ఉంది. తర్వాత పలకలు రాసే పని నాదైంది. రాసీ రాసీ నా రాత కూడా నాయన రాతలాగే తయారైంది. ఈ సంగతి దాచడం న్యాయం కాదు కాబట్టి చెబుతున్నాను.

నిరుడు ఎండాకాలం దాటాక అమ్మకు జబ్బు ముదిరింది. ఒంగోలు డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒకరోజు మంచంలోంచి పిలిచింది.

"మ్మే, నన్ను ఒకసారి కంభం చెరువు కాడికి తీస్కపో. వచ్చినాక ఆ వరస రాసెయ్. ఎంతమందిమి వచ్చినామో అదే రాయి. ఇంక నాకు చాతకాదు."

ముగ్గురమని రాయమనే మాట నోటితో అనలేకపోయింది. నేనే మనసులో అనుకున్నాను. ఆ ఒక్క మాట రాయడానికి నా చెయ్యి వస్తుందా అన్న భయం కూడా పట్టుకుంది.

మా ఆయన పని మీద హైదరాబాదులో ఉంటాడు. ఇంట్లో ఉండేది అమ్మ, నేను, ఇంటర్ చదివే నా కూతురు జెస్సీ. పలకలన్నిటినీ ఫోనులో ఆల్బమ్ చేస్తానని జెస్సీ ముచ్చటపడింది. "మా తాత ఇన్‌స్టా కంటే ముందే స్టోరీలు పెట్టినాడు" అని నవ్వేది. బయలుదేరే రోజు పొద్దున్నే వాకిట్లో వెలుతురుకు ఒక్కొక్కటే పెట్టి ఫొటోలు తీసి, మళ్లీ అరలో సర్దింది. కంభం పలకదీ తీసింది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి నా సంచిలోనే వేసుకున్నాను.

చెరువు దగ్గర అమ్మ ఏమీ తినలేదు. కట్ట మీద కూర్చుని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, వీధిలో ఆడుకునే పిల్లాణ్ణి పిలిచినట్టు పిలిచింది.

"సామేలూ, ఆడింది చాలు. ఇంటికి పోదాం రా."

నేను తట్టుకోలేక అవతలికి పోయి నిలబడ్డాను. అరగంటకు తనే లేచి, పదండి అంది.

తిరుగు బస్సు మధ్యాహ్నం మూడింటికి దొరికింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి కండక్టర్ మాకు సున్నా టిక్కెట్లు కొట్టాడు, మూడే కొట్టాడు. అదీ చెప్పాలి. జెస్సీ ముందు సీట్లో వీడియో తీసుకుంటోంది. అమ్మ అటు పక్క సీట్లో ఒరిగింది. ఇటు పక్క నేను ఒక్కదాన్నే, నా కుడివైపు కిటికీ సీటు ఖాళీ.

బేస్తవారిపేట దాటాక కళ్లు మూసుకున్నాను. నిద్ర పట్టలేదు. నా కుడి చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది. జెస్సీ వచ్చి కూర్చుందనుకున్నాను. అంతలో ముందు సీట్లోంచి జెస్సీ నవ్వు వినబడింది.

చిన్న చెయ్యి. చెమట పట్టి ఉంది. కళ్లు తెరిస్తే అక్కడ ఎవరూ ఉండరేమోనని భయం. ఉంటారేమోనని ఇంకా భయం. మార్కాపురం బస్టాండు వచ్చేదాకా కళ్లు తెరవలేదు, చెయ్యి విడవలేదు. బస్సు ఆగాక చూస్తే సీటు ఖాళీ. నా అరచెయ్యి తడిగా ఉంది. ఉక్కపోతకు నాకే చెమట పట్టి ఉండొచ్చు.

తాళం వేసింది వేసినట్టే ఉంది. అందరం కాళ్లు కడుక్కున్నాం. అమ్మ మంచం మీద పడుకుని, రాయమంది. మేకు తీసుకుని, అరలోంచి పలక దించాను.

రెండో వరస రాసి ఉంది. "నలుగురం వచ్చినాం."

ఒక్కో అక్షరం మీద రెండుసార్లు గీసి ఉంది. అరలో పలక ఉన్న చోట బూడిదరంగు పొడి రాలి ఉంది. జెస్సీ ఫోను తీసి చూసింది. పొద్దున తీసిన ఫొటోలో వరస ఒకటే. మూల విరిగిన తీరు అదే, పలక అదే. పిల్ల బెదిరిపోయి ఏడుస్తూ పక్కింటికి పోయింది.

"ఏం రాసుందే?" అంది అమ్మ.

చదివాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"బస్సులో నీ పక్కనే కూచున్నాడు గదా" అంది. తర్వాత నా కుడి చేతి వైపు చూసింది. "ఈసారి విడవలేదులే నువ్వు."

తొమ్మిదో రోజు అమ్మ పోయింది.

ఒంటి మీద తెలివి లేకుండా నేనే రాశానేమో అని చాలా ఆలోచించాను. రాత నాదీ కావచ్చు, నాయనదీ కావచ్చు. కానీ నేను రాయాలనుకున్నది ముగ్గురమని. పైగా ఫొటో తీసినప్పటి నుంచి తాళం తీసేదాకా నేను పిల్ల కళ్ల ముందే ఉన్నాను. నాకు ఏమీ అంతుపట్టలేదు.

నన్ను తినేస్తున్నది పలక కాదు. అమ్మ అన్న ఆ "ఈసారి". ఆమెకు ఎప్పటి నుంచి తెలుసు? తెలిసీ ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టింది, నా కాన్పు చేసింది, ఒక్క మాట అనలేదు. అడగడానికి ఆ తొమ్మిది రోజులూ నాకు నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మను మట్టిలో పెట్టి ఇంటికి వచ్చిన సాయంత్రం జెస్సీ ఒక పలక, మేకు తెచ్చి ఇచ్చింది. సమాధుల తోట అని గీశాను. ఎంతమంది పోయామో గీశాను. ఎంతమంది వచ్చామో రాయాలంటే వెనక్కి తిరిగి, ఇంట్లో ఉన్నవాళ్లను లెక్కపెట్టాలి.

నేను తిరగలేదు. ఆ పలకకు కూడా రెండో వరస లేదు.